పార్వతీపుర లోకసభాస్థానము: దాని యెల్లల చరిత్రము

రాజ్యముల యెల్లలు మాఱిన కథలు మన గ్రంథములలో విస్తారముగా నున్నవి. వోటుహద్దులు మాఱిన కథను వ్రాసి యుంచువారు మిక్కిలి తక్కువ. కావున నీ సంచికయందు పార్వతీపుర స్థానచరిత్రమును మహాజనులకు మనవి చేయుచున్నాము.

1952 సంవత్సరపు తొలి సార్వత్రిక యెన్నికలలో శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు పాతపట్నము నుండి గెలిచి కేంద్రమున కార్మికమంత్రి యైరి. 1957 నాఁటికి హద్దులు మాఱెను; పాతపట్నపు స్థానమే లేకపోయెను. గిరిగారు పార్వతీపురమున నిలిచిరి. అది ద్విసభ్య స్థానము. అందొకటి గిరిజనులకు ప్రత్యేకింపఁబడినది. వోటరునకు రెండు వోట్లు గలవు, రెండును ఒక్కరికే వేయరాదు. లెక్కింపు పద్ధతి యిట్టిది: గిరిజనాభ్యర్థులలో నధికముగా వోట్లు వచ్చినవారికి మొదట ప్రత్యేకస్థానము నిచ్చి, పిమ్మట మిగిలినవారిలో నెవరి కెక్కువ వచ్చిన వారికి రెండవది యిత్తురు. బిడ్డిక సత్యనారాయణగారు, దిప్పల సూరిదొరగారు అను గిరిజనాభ్యర్థు లిరువురును గిరిగారిని మించిరి. రెండు స్థానములును వారివే యయ్యెను! ఇది చెల్లదని గిరిగారు వ్యాజ్యము నడపిరి. 1959లో సుప్రీముకోర్టు దానిని త్రోసివేసెను. ప్రత్యేకస్థానము కనీసపు హక్కే కాని, తక్కిన స్థానమునకు అడ్డుగోడ కాదని తేలెను. ఓడిన గిరిగారే 1969లో రాష్ట్రపతి యగుట వేఱొక కథ.

1961 నాఁటి చట్టము ద్విసభ్య స్థానములను రద్దుచేసెను. పార్వతీపురము గిరిజనులకే యేకసభ్య స్థానమై నిలిచెను. 1976లో 42వ రాజ్యాంగ సవరణముచే దేశమంతట హద్దులు స్తంభించెను. 2002లో జస్టిస్ కుల్‌దీప్ సింగుగారి యధ్యక్షతను పునర్విభజన సంఘ మేర్పడెను. సంఘము చిత్తుప్రతులు ప్రకటించి, బహిరంగసభలలో ఆక్షేపణల వినెను. తుది యుత్తరువు వెలువడినపిదప దానిని న్యాయస్థానమున ప్రశ్నింపరాదని చట్టము చెప్పెను గనుక, చెప్పవలసినది ఆ సభలయందే చెప్పవలెను. పట్టణములం దున్నవారికిఁ గల యీ తెలివిడి కొండగూడెములకుఁ జేరుట కష్టమని మా యభిప్రాయము.

2008లో కొత్త హద్దులు అమలునకు వచ్చెను. బొబ్బిలి, తెనాలి, హనుమకొండ, మిర్యాలగూడ, సిద్దిపేట, భద్రాచలములతోఁ గూడ పార్వతీపురము పేరును లోకసభాపట్టికనుండి తొలఁగెను. ఆ పట్టణము అరకు స్థానమునఁ జేరెను. 2009 నాఁటి యెన్నికలలో అటు పాలకొండవారును, ఇటు రంపచోడవరమువారును ఒక్క సభ్యునికే వోటువేసిరి.