లక్ష్మీ ఆసు యంత్రం: నిర్మాణ చరిత్ర

పోచంపల్లి ఇక్కత్ పట్టుచీరలకు రంగులద్దే ముందు, దారాన్ని అర్ధవృత్తాకారంగా అమర్చిన మేకుల చుట్టూ తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్కో చీరకు సుమారు 9 వేల సార్లు చేయి ఆడించవలసిన ఈ పని అధికంగా మహిళలదే. భుజాల నొప్పి వారికి నిత్యబాధ.

ఉమ్మడి నల్గొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన శ్రీ చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి పడుతున్న ఈ శ్రమను చూసి 1992లో యంత్ర నిర్మాణానికి పూనుకున్నారు. ఆరవ తరగతితోనే చదువు ఆగిపోయిన ఆయన, 1999లో మోటారుతో నడిచే యంత్రాన్ని పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టారు. చేతితో ఐదారు గంటలు పట్టే పని ఈ యంత్రంపై గంటన్నరలో ముగుస్తుంది. చిటికి కట్టడం, రంగులద్దడం, నేయడం మాత్రం చేతిపనులుగానే కొనసాగుతున్నాయి.

శ్రీ మల్లేశంను కేంద్ర ప్రభుత్వం 2017లో పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది.