జనగణమన: మదనపల్లె స్వరలిపి, వాద్యబృంద రూపం

రవీంద్రనాథ్ ఠాగూర్ రచించిన అయిదు చరణాల బెంగాలీ గీతం జనగణమన. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో దీన్ని తొలిసారి బహిరంగంగా పాడారు. 1950 జనవరి 24న ఇందులో మొదటి చరణం జాతీయ గీతమైంది. ఈ రెండు తేదీల మీద పేచీ లేదు. పేచీ అంతా మధ్యకాలం మీదే. కవి గొంతులో ఉన్న పాట పదిమంది కలిసి పాడే గానంగా, ఆ పైన పెద్ద వాద్యబృందం వాయించే గీతంగా మారడంలో ఎవరి వాటా ఎంత అన్న దగ్గర కథనాలు ఒకదాన్నొకటి తోసిపుచ్చుతాయి. తెలుగు పాఠకుడికి ఈ చర్చలో రెండు ఆసరాలున్నాయి. ఒకటి అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, రెండోది హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్ సఫ్రానీ. మొదటిదానికి మన వ్యాసాల్లో రావలసినదానికన్నా ఎక్కువ పేరు వచ్చింది, రెండోదానికి తక్కువ.

మదనపల్లె ఘట్టానికి ప్రధాన ఆధారం కజిన్స్ దంపతులు కలిసి రాసుకున్న ఆత్మకథ ‘వియ్ టూ టుగెదర్’ (1950). జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి, దివ్యజ్ఞాన సమాజం వారి మదనపల్లె కళాశాలకు ప్రిన్సిపాల్. భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతంలో పట్టం పుచ్చుకున్న మనిషి. తరవాతి కాలంలో మహిళా ఉద్యమంలో ఆమెకు వచ్చిన పేరు ఈ సంగీత పాండిత్యాన్ని కప్పేసింది. 1919 ఫిబ్రవరి చివర్లో ఠాగూర్ అక్కడ బస చేసినప్పుడు ఒక సాయంత్రం విద్యార్థుల పాటల కూడికలో ఈ గీతం పాడారు. దేశాలూ కొండలూ నదులూ వరసగా వస్తుంటే మొదట భూగోళ పాఠంలా తోచిందనీ, పల్లవి వచ్చేసరికి చెవులు నిక్కబొడుచుకున్నాయనీ, మళ్ళీ మళ్ళీ పాడించుకుని చివరకు అందరూ గొంతు కలిపారనీ జేమ్స్ రాశారు. ఆ తరవాత మార్గరెట్ ఠాగూర్ దగ్గర కూర్చుని పాటను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ దాన్ని ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఇంగ్లీషు చేసి చేవ్రాలు పెట్టారు. కళాశాల దాన్ని తన ప్రార్థన గీతంగా తీసుకుంది. ఆ మూల ప్రతి తరవాత డబ్బు ఇబ్బందుల్లో అమెరికాకు చేరిందని స్థానికంగా చెప్పుకుంటారు.

జనగణమన బాణీ మదనపల్లెలోనే పుట్టిందన్న మాట తెలుగు పత్రికల్లో తరచు కనిపిస్తుంది. దీన్ని ఒప్పుకోవడం కష్టం. 1911లో సభలో పాడిన పాటకు అప్పటికే ఏదో ఒక బాణీ ఉండి తీరాలి. ఆ బాణీ ఇప్పటిదే అనడానికి రుజువేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, 1911 నాటి గొంతు మనకు వినబడదు. కానీ కజిన్స్ కథనాన్నే జాగ్రత్తగా చదివితే జవాబు అందులోనే ఉంది. ఠాగూర్ ముందు పాడారు, జనం పల్లవి పట్టుకున్నారు, రాత ఆ తరవాతి పని. బాణీ ముందే స్థిరపడి ఉండకపోతే కొత్తవాళ్ళు ఒక్క సాయంత్రంలో దాన్ని అందుకోలేరు. మార్గరెట్ చేసింది లేఖనం, కూర్పు కాదు. ఆత్మకథ ముప్పై ఏళ్ళ తరవాత వచ్చిందన్నది నిజమే, చిన్న వివరాల్లో జ్ఞాపకం తడబడి ఉండవచ్చు. అయినా భార్య ఘనతను తగ్గించి చెప్పే అవసరం జేమ్స్‌కు లేదు గనుక ఈ విషయంలో ఆయన మాట నమ్మదగ్గదే.

ఇంతమాత్రాన మదనపల్లె వాటా చిన్నదైపోదు. వాద్యబృంద కూర్పుకు కావలసింది బాణీ ఒక్కటే కాదు. ఆ బాణీ ఏ దేశపు వాయిద్యకారుడైనా చదవగల లిపిలో ఉండాలి, పదిమంది నోట నిలవాలి. ఈ రెండూ 1919లో అక్కడ జరిగాయి. పాట స్వభావం కూడా కలిసొచ్చింది. దీన్ని సాధారణంగా అల్హైయా బిలావల్ రాగంగా చెబుతారు. బిలావల్ థాట్ మన ధీరశంకరాభరణానికి, పాశ్చాత్యుల మేజర్ స్కేలుకు సమానం. మధ్యలో తాకే తీవ్ర మధ్యమాన్ని బట్టి గౌడ్ సారంగ్ ఛాయ ఉందనేవారూ ఉన్నారు, దాని వల్ల ఇక్కడి వాదం మారదు. గమకాల మీద ఆధారపడని నడక, చాలాచోట్ల అక్షరానికో స్వరం, జయ ఘోషగా తిరిగొచ్చే పల్లవి – కింద తీగ వాద్యాల శ్రుతిమేళనం వేసినా రాగం చెడని గుణాలివి. అలాగని తరవాతి వాద్యబృందాల ముందు మార్గరెట్ రాసిన కాగితమే ఉందనడం దూకుడవుతుంది.

వాద్యబృందం చేతికి పాట నిజంగా వెళ్ళింది యుద్ధకాలంలో. 1942 సెప్టెంబరు 11న హాంబర్గ్‌లో సుభాష్ చంద్రబోస్ సమక్షంలో, జర్మన్–ఇండియన్ సొసైటీ ప్రారంభోత్సవంలో, అక్కడి వాద్యబృందం దీన్ని భారత జాతీయ గీతంగా వాయించింది. మరుసటి ఏడాది సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం కోసం ఇదే బాణీ మీద హిందుస్తానీలో ‘శుభ్ సుఖ్ చైన్’ తయారైంది. దాని రచనలో ప్రముఖ పాత్ర ఆబిద్ హసన్‌ది. బ్యాండుకు కూర్చినవారు కెప్టెన్ రామ్ సింగ్ ఠాకురీ. జాతీయ గీతం బాణీయే ఆయనదన్న వాదం ఆ కూర్పు నుంచి పుట్టింది. సైనిక నడక, బ్యాండు పొందిక ఆయనవి అనడం సమంజసం, మూల బాణీ ఆయనది అనడం కాదు. ఆ రోజుల్లోనే న్యూ థియేటర్స్ వారి ‘ఉదయేర్ పథే’ (1944), దాని హిందీ రూపం ‘హమ్‌రాహీ’ (1945) చిత్రాల్లో రాయ్‌చంద్ బోరాల్ సంగీతంతో పాట తెర మీదికొచ్చింది.

స్వాతంత్ర్యం తరవాతి నిర్ణయంలో వాద్య కూర్పు పక్కవిషయం కాదు, అసలు విషయమే. 1948 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో నెహ్రూ చేసిన ప్రకటన ఇందుకు గట్టి ఆధారం. 1947లో న్యూయార్క్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం సందర్భంగా గీతం కావలసి వస్తే మన ప్రతినిధి బృందం దగ్గరున్న జనగణమన రికార్డును అక్కడి వాద్యబృందానికి ఇచ్చారనీ, అది విని పరదేశ ప్రతినిధులు స్వరలిపి అడిగారనీ ఆయన చెప్పారు. వందేమాతరం వాద్యబృందానికి అంత తేలిగ్గా లొంగదన్నది ఆయన వాదం. మాస్టర్ కృష్ణారావు ఫులంబ్రీకర్ వందేమాతరానికి బ్యాండు రూపం కట్టి ఆ వాదాన్ని ఎదుర్కొన్నారు. ఆయన కృషిని చిన్నచూపు చూడలేం. అయితే పోటీలో గెలుపు అప్పటికే విదేశీ బృందాల చేతుల్లో నలిగిన పాటదైంది. బీబీసీకి చెందిన హెర్బర్ట్ మరిల్ తరవాత ఆర్కెస్ట్రా కూర్పు చేశారనీ, లయను కాస్త చురుకు చేశారనీ అంటారు.

పాశ్చాత్య శ్రుతిమేళనం మన రాగానికి పరాయి తొడుగు అనేవారికి ఒక మాట. జనగణమన వాద్య రూపాల్లో మేళనం నేపథ్యంలోనే ఉంటుంది. గాయకుల పంక్తి నాలుగు గొంతులుగా చీలదు, అందరిదీ ఒకే స్వరం. మీర్‌పేట్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో బడి ప్రార్థనలో వాద్యాలేవీ లేకుండా పిల్లలు పాడినా పాట లోటు లేకుండా నిలవడం అందుకే. 2017 ఆగస్టు 15 నుంచి కరీంనగర్ జిల్లా జమ్మికుంటలో మైకులో రోజూ ఉదయం గీతం వినిపిస్తే వీధి ఆగి గొంతు కలుపుతున్నదీ ఆ ఏకస్వరాన్నే. పూర్తి పాఠానికి ప్రభుత్వం నిర్దేశించిన వ్యవధి సుమారు 52 సెకన్లు, మొదటి, చివరి పాదాలతో పాడే సంక్షిప్త రూపానికి సుమారు 20 సెకన్లు. మిగతా నాలుగు చరణాలకు అధికారిక గీతంలో చోటు లేదు.