టీడీఆర్ బాండు పుట్టిన రైల్వే స్టేషన్

మన ఊళ్ళలో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇంటి ముందు భాగం పోగొట్టుకున్నవారికి మున్సిపాలిటీ ఒక కాగితం ఇస్తుంది. దాన్ని అందరూ టీడీఆర్ బాండు అంటారు. పోయిన స్థలానికి నగదు బదులు, అంతకు తగిన కట్టడపు హక్కు రాసి ఇస్తారు. ఆ హక్కుతో యజమాని మరోచోట అదనంగా అంతస్తు వేసుకోవచ్చు, లేదా బిల్డరుకు అమ్ముకోవచ్చు. తిరుపతి నుంచి హైదరాబాదు దాకా ఇల్లు కట్టేవాళ్ళ నోళ్ళలో నానుతున్న ఈ మాట రోడ్ల కోసం పుట్టింది కాదు. నగరం నడిబొడ్డున ఉన్న పాత భవనాన్ని పడగొట్టకుండా కొత్త ఆఫీసులకు చోటెక్కడ చూపించాలి అన్న తగవులోంచి పుట్టింది. ఆ తగవు ముదిరింది న్యూయార్క్‌లో, ఒక రైల్వే స్టేషన్ దగ్గర.

ఆకాశానికి లెక్క కట్టిన రోజు

నగరం మధ్యలోని పాత భవనానికి ముసలితనం కన్నా దాని కింద ఉన్న నేల ధర పెద్ద గండం. నాలుగంతస్తుల భవనం ఎంత దిట్టంగా ఉన్నా, పక్కన నలభై అంతస్తులు లేచాక యజమాని చూపు మారిపోతుంది. తన కప్పు మీద ఖాళీగా ఉన్న ఆకాశం ఆయనకు రోజూ పోతున్న అద్దెలా కనిపిస్తుంది. ఉక్కు చట్రమూ లిఫ్టూ వచ్చిన 19వ శతాబ్దం చివరి రోజుల నుంచీ అమెరికా నగరాల్లో పాత భవనాలన్నీ ఈ లెక్కకు లోబడే బతికాయి, లేదా పోయాయి.

1915లో న్యూయార్క్‌లో ఈక్విటబుల్ బిల్డింగ్ పూర్తయింది. వీధి అంచు నుంచి నిట్టనిలువుగా లేచిన ఆ ఆఫీసు భవనం చుట్టుపక్కల సందులను నీడలో ముంచేసింది. మరుసటి ఏడాదే, 1916లో, నగరం జోనింగ్ నిబంధనలు తెచ్చింది. 1961లో వాటిని తిరగరాసి, స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలి అని హద్దు పెట్టింది. మన దేశంలో ఎఫ్ఎస్ఐ, ఎఫ్ఏఆర్ అని పిలిచే లెక్క ఇదే. దీంతో ప్రతి స్థలం మీదా ఇంకా ఎంత కట్టవచ్చో చదరపు అడుగుల్లో తేలిపోయింది. కొలతకు వచ్చిన వస్తువును అమ్మవచ్చు, కొనవచ్చు, ఒకచోటి నుంచి మరోచోటికి మార్చవచ్చు. టీడీఆర్‌కు విత్తనం పడింది ఇక్కడే.

అదే 1961లో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి అమెరికా మహానగరాల జీవన్మరణాల మీద ఒక పుస్తకం రాశారు. పాత భవనాల అవసరం మీద అందులో ఒక అధ్యాయమే ఉంది. కొత్త భవనం అద్దెలు పెద్ద వ్యాపారాలే భరించగలవు. చిన్న దుకాణం, కొత్తగా మొదలుపెట్టే పని, ఇంకా లాభం చూడని ఆలోచన పాత భవనంలోనే తలదాచుకోగలవు. అందుకని ఏ పేటకైనా వయసులో తేడా ఉన్న భవనాలు కలిసి ఉండాలని ఆమె వాదించారు. ఆ పుస్తకం వచ్చాక పాత కట్టడం గురించి మాట్లాడేవాళ్ళకు అందంతో పాటు బతుకుతెరువు కూడా వాదనగా దొరికింది.

ఒక స్టేషన్ కూలింది

వాదనలు ఎన్ని ఉన్నా చట్టం లేదు. 1910లో మెకిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థ కట్టిన పెన్సిల్వేనియా స్టేషన్‌లో రోమ్ నగరపు కారకల్లా స్నానశాలలను నమూనాగా తీసుకున్న మహా మండపం ఉండేది. రైలు ప్రయాణాలు తగ్గాయి. యజమాని అయిన రైలు కంపెనీ అప్పుల్లో ఉంది. స్టేషన్ పైనున్న ఖాళీ హక్కును అమ్మితే డబ్బు వస్తుంది. 1963 అక్టోబరు 28న కూల్చివేత మొదలైంది. ఆ చోట కొత్త క్రీడా ప్రాంగణమూ ఆఫీసు టవరూ లేచాయి. ప్రయాణికులకు నేల కింద ఇరుకు దారులు మిగిలాయి. పాత స్టేషన్ రాతి స్తంభాలూ శిల్పాలూ చాలావరకు న్యూజెర్సీ చిత్తడి నేలల్లో పూడికగా పోయాయి.

ఆ నష్టం జనానికి కళ్ళు తెరిపించింది. 1965 ఏప్రిల్ 19న మేయర్ రాబర్ట్ వాగ్నర్ చారిత్రక కట్టడాల చట్టం మీద సంతకం చేశారు. వాటి కోసం ఒక సంఘం ఏర్పడింది. సంఘం గుర్తించిన భవనాన్ని యజమాని అయినా సరే దాని అనుమతి లేకుండా మార్చడానికి, కూల్చడానికి వీల్లేదు.

రెండో స్టేషన్ నిలబడింది

1913లో తెరిచిన గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్‌ను ఆ సంఘం 1967లో చారిత్రక కట్టడంగా గుర్తించింది. మరుసటి ఏడాదే పెన్ సెంట్రల్ రైలు కంపెనీ స్టేషన్ మీద ఆఫీసు టవరు కట్టిస్తానని ముందుకొచ్చింది. వాస్తుశిల్పి మార్సెల్ బ్రోయర్ రెండు నమూనాలు గీశారు. ఒకటి స్టేషన్ నెత్తి మీద మోపిన 55 అంతస్తుల టవరు. రెండోది స్టేషన్ ముఖభాగాన్ని కొంత కూల్చి కట్టే 53 అంతస్తుల టవరు. నిర్మాణ కాలంలో ఏటా 10 లక్షల డాలర్లు, ఆ తర్వాత ఏటా కనీసం 30 లక్షల డాలర్లు కంపెనీకి అద్దె వస్తుందని ఒప్పందం. సంఘం రెంటినీ తిరస్కరించింది. కంపెనీ కోర్టుకెక్కింది. నా ఆస్తి మీది ఆకాశాన్ని పరిహారం ఇవ్వకుండా నగరం లాగేసుకుంది అన్నది దాని ఫిర్యాదు.

1975లో కింది కోర్టు కంపెనీ వైపు తీర్పు ఇచ్చింది. అప్పుడు పౌరులు కదిలారు. జాక్విలిన్ కెనెడీ ఒనాసిస్ ముందు నిలిచి మేయరుకు లేఖ రాశారు, స్టేషన్‌లోనే విలేకరులతో మాట్లాడారు. నగరం అప్పీలు చేసింది. 1978 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యంతో నగరం పక్షాన తీర్పు చెప్పింది. స్టేషన్‌ను స్టేషన్‌గా నడుపుకునే వీలు కంపెనీకి ఇంకా ఉంది కదా అంది. దాంతో పాటు మరో మాట చెప్పింది. నగర నిబంధనల ప్రకారం స్టేషన్ మీద వాడుకోని కట్టడపు హక్కును కంపెనీ చుట్టుపక్కల ఉన్న తన ఇతర స్థలాలకు మార్చుకోవచ్చు. అది పూర్తి పరిహారం కాకపోయినా, నష్టభారాన్ని తగ్గించేదేనని న్యాయమూర్తులు గుర్తించారు.

పాత భవనాన్ని కదిలించకుండా దాని మీది ఆకాశాన్ని మాత్రం పక్క వీధికి తరలించవచ్చు అన్న ఆలోచనకు ఆ తీర్పుతో దేశ అత్యున్నత న్యాయస్థానం ముద్ర పడింది. స్టేషన్‌కు ఎదురుగా 1982లో పూర్తయిన ఫిలిప్ మోరిస్ ఆఫీసు భవనం గ్రాండ్ సెంట్రల్ నుంచి సుమారు 75 వేల చదరపు అడుగుల హక్కును తీసుకునే లేచింది.

షికాగో చెల్లించిన ధర

షికాగోలో 1894లో ఆడ్లర్, సలివాన్ జంట కట్టిన స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనాన్ని 1972లో ఆఫీసు టవరు కోసం కూల్చారు. సలివాన్ భవనాలను ఏళ్ళ తరబడి ఫొటోలు తీసి, శిథిలాల్లోంచి శిల్పపు ముక్కలు ఏరి దాచిన రిచర్డ్ నికెల్ ఆ ఏప్రిల్‌లో కూలుతున్న భవనం లోపలే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ భవనపు ట్రేడింగ్ మందిరాన్ని తర్వాత ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మళ్ళీ పేర్చి నిలబెట్టారు.

ఆ రోజుల్లోనే న్యాయశాస్త్ర ఆచార్యుడు జాన్ కాస్టోనిస్ ఒక పథకం రచించారు. పాత భవనాల మీది హక్కులను నగరమే కూడబెట్టి, పెద్ద టవర్లు కట్టేవారికి అమ్మి, ఆ సొమ్ముతో భవనాలను కాపాడాలన్నది దాని సారం. 1974లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. షికాగో దాన్ని అమలు చెయ్యలేదు గానీ ఆలోచన మాత్రం ఊరూరా పాకింది. శాన్‌ఫ్రాన్సిస్కో 1985 డౌన్‌టౌన్ ప్రణాళికలో రెండు వందలకు పైగా భవనాలను కాపాడదగినవిగా గుర్తించి, వాటి హక్కులు ఆఫీసు టవర్లకు అమ్ముకునే దారి చూపింది. భారతదేశంలో 1991లో ముంబయి నిబంధనల్లో టీడీఆర్ వచ్చింది. 1995లో అక్కడి వారసత్వ కట్టడాలకూ అది వర్తించింది.

పన్ను రాయితీ చేసిన పని

కూల్చవద్దనడం ఒక సగం. నిలిచిన భవనంలోకి పనీ అద్దే రావడం రెండో సగం. బోస్టన్ ఈ దారి ముందే చూపించింది. 1865 నాటి తన పాత సిటీ హాలును 1969లో ఖాళీ చేశాక కూల్చలేదు. పై రూపం చెదరకుండా ఒక వారసత్వ సంస్థ చేత లోపల ఆఫీసులూ రెస్టారెంటూ పెట్టించింది.

అయినా బిల్డర్లు గుంపుగా అటు తిరిగింది డబ్బు లెక్క మారాకే. అంతకుముందు అమెరికా పన్ను చట్టం కూల్చి కొత్తగా కట్టేవారికే అనుకూలంగా ఉండేది. 1976 చట్టం ఆ మొగ్గును సరిచేసింది. 1981లో గుర్తింపు పొందిన చారిత్రక భవనాన్ని బాగుచేస్తే ఖర్చులో 25 శాతం పన్నులోంచి తగ్గించుకునే వీలు వచ్చింది. 1986లో దాన్ని 20 శాతం చేశారు. అది ఈనాటికీ ఉంది. ఈ రాయితీకి ఒక షరతు ఉంది. కొత్తగా చేర్చిన భాగం పాతదాని పరిమాణానికీ పొందికకూ తగ్గట్టు ఉండాలి. అదే సమయంలో ఇది కొత్తదని చూడగానే తెలియాలి. పాతదాన్ని అనుకరించి కళ్ళు కప్పకూడదు.

ముఖం మిగిలితే మనిషి మిగిలినట్టా?

ఈ షరతు దగ్గరే అసలు పరీక్ష. ఫిలడెల్ఫియాలో 1838లో జాన్ హావిలండ్ ఈజిప్టు పద్ధతిలో కట్టిన ఒక బీమా కంపెనీ భవనం ముఖభాగాన్ని మాత్రమే ఉంచి, దాని వెనక 1975లో పెన్ మ్యూచువల్ టవరు కట్టారు. పాత రాతి ముఖం టవరు ముందు విడి తెరలా నిలబడింది. వాషింగ్టన్‌లో 1983లో పెన్సిల్వేనియా అవెన్యూ మీది విక్టోరియా కాలపు ఇళ్ళ వరస వెనక పెద్ద ఆఫీసు భవనం లేచింది. టొరంటోలో 1992లో పూర్తయిన ఆఫీసు సముదాయంలో 1845 నాటి బ్యాంకు ముఖాన్ని శాంటియాగో కలట్రావా గీసిన గాజు నడవా లోపల నిలిపారు. ఇలా తోలు ఉంచి లోపలిదంతా తీసెయ్యడాన్ని చాలామంది వాస్తుశిల్పులు తప్పుపట్టారు. వాళ్ళ మాట న్యాయమైనదే. మెట్లు, గదులు, కిటికీలోంచి పడే వెలుగు, మనుషులు నడిచిన దారి పోయాక వీధి వైపు గోడ ఒక్కటే ఆ భవనం అనిపించుకోదు.

కొన్నిచోట్ల మాత్రం కథ వేరు. 1928లో జోసెఫ్ అర్బన్ న్యూయార్క్‌లో హర్స్ట్ పత్రికల కోసం ఆరంతస్తుల భవనం గీశారు. దాని మీద ఎప్పటికైనా టవరు లేవాలన్నది మొదటి నుంచీ ఉన్న ఉద్దేశం. ఆర్థిక మాంద్యం దాన్ని ఆపేసింది. 1988లో భవనం చారిత్రక కట్టడమైంది. చివరకు 2006లో నార్మన్ ఫాస్టర్ 46 అంతస్తుల, 182 మీటర్ల టవరు పూర్తి చేశారు. పాత గోడలకు లోపలి నుంచి కొత్త ఉక్కు ఊతం ఇచ్చి, మధ్యలోంచి టవరు స్తంభాలను దింపారు. పాతకూ కొత్తకూ నడుమ గాజు పట్టీ ఒకటి పరిచారు. వెలుగు ఆ సందులోంచే లోపలికి దిగుతుంది. త్రికోణాల అల్లికతో కట్టడం వల్ల మామూలు పద్ధతి కన్నా సుమారు 20 శాతం ఉక్కు తగ్గింది. లోపలి గదులు ఇక్కడా పోయాయి. కానీ టవరును మోయడం ఆ భవనానికి పుట్టుకతో రాసిపెట్టి ఉన్న పని. దాదాపు ఎనభై ఏళ్ళు ఎదురుచూశాక అది నెరవేరింది.

ఆకాశం అమ్మిన చోట ఇంకో భవనం పోయింది

గ్రాండ్ సెంట్రల్ ఆకాశం కథ అక్కడితో అయిపోలేదు. 2017లో న్యూయార్క్ ఆ ప్రాంతపు నిబంధనలు సడలించి, చారిత్రక భవనాల హక్కులు మరింత దూరం వెళ్ళేలా చేసింది. జేపీ మోర్గాన్ బ్యాంకు స్టేషన్ నుంచి ఆరున్నర లక్షల చదరపు అడుగులకు పైగా హక్కులు కొని, పార్క్ అవెన్యూలో 60 అంతస్తుల ప్రధాన కార్యాలయం కట్టుకుంది. ఆ చోట అంతకుముందు ఉన్నది 1960 నాటి 52 అంతస్తుల యూనియన్ కార్బైడ్ భవనం. నటాలీ డి బ్లోయ్ అనే మహిళా వాస్తుశిల్పి దాని రూపకల్పనలో ముఖ్యులు. ఆడవాళ్ళ పేరు పలకగూడదన్నట్టున్న రంగంలో అది ఆమె చేతి గుర్తు. యజమానులు కావాలని పడగొట్టిన భవనాల్లో అంత ఎత్తైనది అప్పటికి మరొకటి లేదు.

అంటే ఒక పాత భవనాన్ని కాపాడిన హక్కే ఇంకో గొప్ప భవనం ఉన్న చోటికి చేరి, అక్కడ కొత్త టవరుకు బలమైంది. హక్కు ఎక్కడి నుంచి వస్తోందో చూసినంత జాగ్రత్తగా అది ఎక్కడికి వెళ్తోందో కూడా చూడాలి. యాభై ఏళ్ళ అనుభవం నేర్పిన పెద్ద పాఠం ఇదే.

మన దగ్గరికి వచ్చేసరికి

హైదరాబాదులో గుట్ట మీది ఎర్రమంజిల్ ప్యాలెస్ 19వ శతాబ్దపు కట్టడం. దశాబ్దాలుగా అందులో ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి. దాన్ని తీసేసి కొత్త శాసనసభ భవనం కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. మన గడ్డ మీద కూడా పౌరులు కోర్టుకు వెళ్ళి పాత భవనాన్ని నిలబెట్టుకోగలరని ఆ తీర్పు రుజువు చేసింది. కాని కోర్టు కూల్చివేతను ఆపగలదే తప్ప, భవనానికి పనీ రాబడీ చూపించలేదు. ఆ పని నిబంధనలదీ పాలకులదీ.

నిబంధన మన దగ్గర లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల్లో రోడ్లకు, చెరువులకు ఇచ్చినట్టే వారసత్వ కట్టడాన్ని కాపాడినందుకు కూడా టీడీఆర్ ఇవ్వవచ్చని రాసి ఉంది. రోడ్డు కోసం ఇచ్చే బాండు గురించి మన ఊళ్ళో అందరికీ తెలుసు. పాత భవనం కోసం ఇచ్చే బాండు గురించి తెలిసినవారు చాలా తక్కువ.

మీ ఊరి నడిమధ్యన తాతల నాటి మండువా ఇల్లో, పాత బ్యాంకో, సున్నపు గచ్చు మెరిసే పాత ఆఫీసో ఉంటే, దాని యజమాని బిల్డరుతో కాగితాల మీద సంతకం పెట్టకముందే ఈ సంగతి ఆయన చెవిన వెయ్యండి. మున్సిపాలిటీలో ఆ నిబంధన కింద దరఖాస్తు అడగండి. పాత గోడను కాపాడటానికే పుట్టిన బాండును ఒక్కసారైనా దాని అసలు పనికి వాడి చూద్దాం.