గ్లోబుపై కోనసీమ

సండేస్కూలు పిల్లల ముందు గ్లోబు పెడితే వారు మొదట అడిగేది, “అయ్యగారూ, మన అమలాపురం ఏది?” అని. గ్లోబుపై మన సీమకు ఆవగింజంత చోటు కూడా లేదు. కాబట్టి ముందుగా కోనసీమ పటం వారిచేతనే గీయించాలి: ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, నడుమ వైనతేయ, అడుగున సముద్రం. తరువాత గ్లోబుపై ఇంగ్లండు చూపి చరిత్ర చెప్పాలి.

1836లో బౌడెన్, బీర్ దొరలు సువార్త నిమిత్తం అక్కడినుండి ఓడలో బయలుదేరారు. సూయజ్ కాలువ తెరచినది 1869లో గనుక, వారు ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలసి వచ్చింది. వారు స్థిరపడిన నర్సాపురం మన సఖినేటిపల్లి రేవుకు ఎదురొడ్డునే ఉంది.

ఆ దారిని వేలితో కొలిచిన పిల్లలు, సువార్త మనకు ఎంత ప్రయాసతో అందిందో మరువరు. ప్రతి సండేస్కూలులోను బైబిలు ప్రక్కన గ్లోబు ఉండాలి.