అనీసుల్ గుర్బా: ఒక పేరు, ఒక బాధ్యత

ఆబిడ్స్ నుండి నాంపల్లి స్టేషను వైపు నడిచే నగరవాసులకు అనీసుల్ గుర్బా అన్న పేరు పరిచితమే. నిజాము కాలం నాటి అనాథ శరణాలయమది. అరబ్బీలో ‘గరీబ్’ అంటే పరదేశి, ఉర్దూలో పేదవాడు. దాని బహువచనమే గుర్బా. అనీస్ అంటే నేస్తం. వెరసి, దిక్కులేనివారి నేస్తం.

అన్నం, బట్ట, చదువు ఇస్తే అనాథ పోషణ పూర్తయినట్లేనని లోకం చాలాకాలం నమ్మింది. 1945లో రెనె స్పిట్జ్ అనే మనోవైద్యుడు రెండు చోట్ల పసిబిడ్డలను పరిశీలించాడు. ఒకటి జైలు; అక్కడ ఖైదీలైన తల్లులే బిడ్డలను సాకుతున్నారు. రెండవది పరిశుభ్రమైన శరణాలయం. అక్కడ సుమారు ఎనిమిదిమందికి ఒక్క ఆయా. జైలు బిడ్డలు చక్కగా ఎదిగారు. శరణాలయపు బిడ్డలు మాటలో, నడకలో, బుద్ధిలో వెనుకబడ్డారు. ఎందరో మరణించారు కూడా. బిడ్డ మనసుకు స్థిరమైన ఆత్మీయబంధం అత్యవసరమని 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో జాన్ బౌల్బీ ప్రతిపాదించాడు.

ఈ ఎరుక మన చట్టాలలోనూ చేరింది. శరణాలయంలోని ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక ఉండాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. అయితే రాత్రివేళ ఉలిక్కిపడి లేచే పిల్లవాణ్ణి కాగితం ఓదార్చలేదు. వాడి భయమేమిటో ఎరిగి, పేరుపెట్టి పిలిచే మనిషి కావాలి. ఆ మనిషి ఏటేటా మారిపోకూడదు.

శరణాలయాలకు విరాళమిచ్చేటప్పుడు మనం గదులనూ బియ్యం బస్తాలనూ లెక్కిస్తాం. ఆయాలు ఎందరున్నారు, ఎన్నేళ్ళుగా ఉన్నారు అని కూడా అడగాలి. నాంపల్లిలోని ఆ పాతపేరు అడుగుతున్నదీ అదే.