తీరిక యెవరిది?

“తీరిక చిక్కినయెడల నేనును ఏదైన వ్రాసియుందును” అను మాట మా పాఠశాలలో ఉపాధ్యాయులు కూర్చుండు గదిలో తఱచుగా వినబడును. మేమును ఆ మాట అన్నవారమే. పగలెల్ల పాఠములు, సాయంకాలమునకు దిద్దవలసిన నోటుపుస్తకముల దొంతర, ఇల్లు చేరిన పిదప బియ్యము, మందులు, బంధువుల పెండ్లిపిలుపులు. వీని నడుమ వ్రాతకు చోటెక్కడ? ఇట్లు నిట్టూర్చువానికి పెద్దలు చెప్పు సమాధానమొకటే: “వీరేశలింగము పంతులుగారును బడిపంతులే గదా!” ఈ సమాధానమునకు మా నోరు మూతపడుట యిరువదియేండ్లుగా జరుగుచున్నది. అయితే ఇటీవల పంతులుగారి చరిత్రమును మఱల చదువగా, ఆ దృష్టాంతము చెప్పువారు సగము కథయే చెప్పుచున్నారని మాకు తోచినది.

తెలిసిన సగమునే మొదట చెప్పుదము. వీరేశలింగముగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. వారి నాలుగవ యేటనే తండ్రి గతించెను. చదువు ముగిసిన పిదప కోరంగిలోను, ఆ వెనుక ధవళేశ్వరములోను ఆంగ్లపాఠశాలలకు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసిరి. ధవళేశ్వరమున నుండగనే, 1874లో, తమ యిరువదియాఱవ యేట, బాలికాపాఠశాలను స్థాపించిరి. ఆ యేడు అక్టోబరులోనే వివేకవర్ధనిని వెలువరించిరి. ఆ పత్రికకు సంపాదకులు తామే, ముఖ్యలేఖకులు తామే. అచ్చు మాత్రము చెన్నపట్టణమున జరిగెడిది. ధవళేశ్వరమునుండి చెన్నపట్టణమునకు రైలుమార్గము లేని దినములవి. వ్రాతప్రతి పోవుటకు, అచ్చుప్రతులు వచ్చుటకు ఎంత జాగయ్యెడిదో చదువరులే యూహింపవచ్చును. పిదప రాజమహేంద్రవరమున అచ్చుకూట మేర్పడినప్పుడు జాగు తగ్గినది గాని పని హెచ్చినది. అచ్చుకూట మనగా అక్షరములు, కాగితము, కూలి, బాకీ అన్నియు నని దాని నడిపినవారికి తెలియును.

అక్కడినుండి వచ్చిన అయిదేండ్లు చూడుడు. 1878లో రాజశేఖర చరిత్రము వివేకవర్ధనిలో భాగభాగములుగా వెలువడసాగెను. 1880లో గ్రంథరూపము దాల్చెను. మొదట చూచినది గోల్డుస్మిత్తుగారి ఆంగ్లనవలనే అయినను, ఇందలి ధవళగిరియు గోదావరియు మన యూరివే. 1879 ఆగస్టులో వితంతువివాహములు శాస్త్రసమ్మతములని ఉపన్యసించిరి. దానిమీద పండితులు లేచిరి; వారికి ప్రత్యుత్తరములు వ్రాయవలసివచ్చెను. 1880లో న్యాయస్థానముల లోగుట్టు బయటపెట్టు వ్యవహారధర్మబోధిని యను నాటకము వచ్చెను. ఇన్నియు సాగుచుండగా ప్రతిదినమును పాఠశాలకు పోయి తెలుగు చెప్పుచునే యుండిరి. ఈ పట్టిక చూచి మేము ముక్కుమీద వ్రేలు వైచుకొందుము. పెద్దలు కోరునదియు అదియే.

ఇక చెప్పని సగము.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి, రాజమహేంద్రవరమున పంతులుగారి యింట మొదటి వితంతువివాహము జరిగెను. కావలి కాచినవారు విద్యార్థులు. ఆ పెండ్లిని గూర్చి పాఠ్యపుస్తకములలో సయితము కలదు. దాని మఱుసటి దినమును గూర్చి అంతగా లేదు. పెండ్లికి వచ్చిన మిత్రులలో పలువురు బహిష్కారమునకు వెఱచి ప్రాయశ్చిత్తములు చేసికొనిరి. వంటమనిషి రాడు. నీళ్లు తెచ్చువారు రారు. ఇంటనో వధూవరులు, ఆశ్రయము కోరి వచ్చిన బాలవితంతువులు, మిగిలిన కొలదిమంది స్నేహితులు. వీరికందఱకు వంట చేసినది, గోదావరికి పోయి బిందెలతో నీరు మోసికొని వచ్చినది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. పుట్టినింట ఆమెను బాపమ్మ యని పిలిచెడివారు. 1861లో పెండ్లినాటికి ఆమె పసిపిల్ల. పంతులుగారికిని బాల్యము తీరలేదు. చదువు నేర్చినది అత్తవారింటనే.

పంతులుగారు కృతఘ్నులు కారు. తమ కార్యములలో ఆమె సహాయమెంతటిదో స్వీయచరిత్రమున వ్రాసికొనిరి. ఆ కాలపు పురుషులలో అంతటి మాటయే అరుదు. కాని మనము ఆ పుటలు చదివి, “ఆహా, ఎంతటి పతివ్రత!” యని నమస్కరించి, పుట త్రిప్పుదుము. మేము అడుగదలచినది వేఱు. ఒక బిందె గోదావరినీరు ఇంటికి చేరుటకు ఎంతసేపు పట్టును? పదిమందికి వంట చేసి, వడ్డించి, పాత్రలు తోమి లేచుటకు ఎంతసేపు పట్టును? పంతులుగారు పాఠశాలనుండి వచ్చి కలము పట్టిన గంటలను, ఈ గంటలతో కలిపి లెక్కింపవలదా? ఒకరి తీరిక ఇంకొకరి చేతులమీదుగా వచ్చినప్పుడు దానిని ప్రతిభ యనుట ఎంతవఱకు న్యాయము? ప్రతిభ లేదని మా యభిప్రాయము కాదు. ప్రతిభకు దినమున నిరువదినాలుగు గంటలే కదా!

సంస్కృతవ్యాకరణము చదివినవారికి ఒక విషయము తెలియును. దేవదత్తుడు యజ్ఞదత్తునిచేత వండించినప్పుడు అక్కడ కర్తలు ఇద్దఱు: చేయించువాడు ప్రయోజకుడు, చేయువాడు ప్రయోజ్యుడు. వ్యాకరణము ఇద్దఱిని కర్తలే యనును. మన జీవితచరిత్రకారులు అంత నిక్కచ్చిగా నుండరు. గిడుగు రామమూర్తిగారి విషయమే చూడుడు. ఆయనయు బడిపంతులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరిరి. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా బి. ఏ. పరీక్షకు చదివి తేఱిరి. చరిత్ర బోధింపవలసి వచ్చుటచేత సమీపమునగల ముఖలింగదేవాలయపు శాసనములమీద దృష్టి నిలిపి, పుస్తకములు తెప్పించుకొని, ప్రాచీనలిపులు తమంతట నేర్చిరి. కొండలలోని సవరలకు చదువు చెప్పవలెనన్న తలంపు కలిగినప్పుడు వారి భాషకు వ్యాకరణము గాని నిఘంటువు గాని లేదు. తెలుగును సవరయు వచ్చిన మనిషిని ఇంటనుంచుకొని, భోజనము పెట్టి, ఆ భాష నేర్చిరి. సవరసీమ మలేరియాకు తినిన కొయినామందువలన వారి వినికిడి చెడినది. ప్రభుత్వము ఈయబోయిన పారితోషికమును కాదని, దానికి మాఱుగా సవరలకు బడులు పెట్టుడని కోరిరి. సవరభాషావిషయికమైన వారి గ్రంథములు 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. ఆరంభమునకును ఫలమునకును నడుమ నలువదియేండ్లకు పైబడినది! ఈ వ్యాసము వ్రాయుచున్న భాషను చూచినచో ఆయన మమ్ము గట్టిగా చీవాట్లు పెట్టియుందురు, అది వేఱుమాట.

“ఇంటనుంచుకొని, భోజనము పెట్టి” అని యిప్పుడే మేమును వ్రాసితిమి. ప్రతి చరిత్రకారుడును అట్లే వ్రాయును. అంటు, మైల, ఎంగిలి అను మాటలతో ఊరంతయు నడచుచున్న ఆ దినములలో, బ్రాహ్మణగృహమున, కొండమనిషికి దినదినము విస్తరి వేసిన చేయి ఎవరిదో ఆ వాక్యమున లేదు. విస్తరివెంబడి ఇరుగుపొరుగులు నూతివద్ద అన్న మాటలు పడిన చెవి ఎవరిదో లేదు. రామమూర్తిగారు పర్లాకిమిడిలో పాఠము చెప్పు వేళ ఆ మాటలు వారికి వినబడియుండవు.

రామమూర్తిగారితో విజయనగరమున కలిసి చదివిన గురజాడ అప్పారావుగారిని ఇక్కడ తడవకుండరాదు. ఉపాధ్యాయులుగా మొదలిడి సంస్థానపు కొలువున జీవితము గడపిరి. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కమును, సంస్థానవారసత్వపు వ్యాజ్యెముల కాగితములు చుట్టుముట్టియుండగా, మఱల మొదలంట వ్రాసి 1909లో ప్రకటించిరి. అప్పటికి ఆరోగ్యము సన్నగిల్లినది. 1915లో గతించిరి.

దీనికి విరుద్ధమైన దృష్టాంతము ఒకటి కలదు. బ్రౌనుదొర కంపెనీ కొలువున నుండి, పగలు కచ్చేరీ, తక్కిన వేళ తెలుగు అని జీవించినవాడు. ఆయనకు భార్య లేదు, బిడ్డలు లేరు. కడపలో తమ బంగళాయందు పండితులను, వ్రాయసకాండ్రను జీతములిచ్చి యుంచుకొనిరి. తాళపత్రములు సేకరించి, పాఠములు పోల్చి, ప్రతులు వ్రాయించిరి. దానికై అప్పులపాలైరి. 1852లో నిఘంటువు వెలువడెను. ఇందు మాకు వింతగా తోచిన దొకటి: జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య మొదలగు పండితుల పేర్లు నేటికిని నిలిచియున్నవి. జీతము పుచ్చుకొనిన చేయి పద్దులోనికి ఎక్కినది. జీతము లేని చేయి ఏ పద్దునను లేదు.

అయితే ఇల్లు నడుపు చేయియే కలము పట్టిన సంగతి లేదా? కలదు. భండారు అచ్చమాంబగారు 1874లో కృష్ణామండలమున జన్మించిరి. తండ్రి బాల్యముననే పోయెను. ఆఱేడేండ్ల ప్రాయమున, మధ్యపరగణాలలో ఉద్యోగియైన మేనమామ మాధవరావుగారికిచ్చి వివాహము చేసిరి. తల్లియు, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావును ఆమె యింటనే యుండిరి. తమ్ముని చదువు మొదలయ్యెను. ఆమె చదువును అతని ప్రక్కననే మొదలయ్యెను. తెలుగు, హిందీ అట్లు నేర్చినవి. మహారాష్ట్రము పిదప వచ్చినది. భర్త మొదట అంత ప్రోత్సహింపలేదు. కన్నబిడ్డలు ఇద్దఱును దక్కలేదు. అనాథబాలురను ఇంట చేర్చుకొని పెంచిరి. ఈ సంసారము నడుమ కూర్చుండి, స్త్రీలు స్వభావముచే అబలలు, బుద్ధిహీనులు అను వాదమును చరిత్రాధారములతో ఖండింప సంకల్పించి, అబలాసచ్చరిత్రరత్నమాలను వ్రాసిరి. మొదటి సంపుటము 1901లో వెలువడినది. 1902లో ధనత్రయోదశి మొదలగు కథలు వ్రాసిరి. ఆ యేడే బందరున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి స్త్రీసమాజము నెలకొల్పిరి.

ఈమెకు బిందె తెచ్చు రాజ్యలక్ష్మమ్మ లేదు. ఆమె తీరిక ఆమెయే సంపాదించుకొనవలెను. ఇంటి పనినుండి మిగిల్చికొనవలెను. తోడైనది తమ్ముడు. అక్క యింట అన్నము తిని చదివిన ఆ బాలుడు, పెద్దవాడై, మఱాటీ గ్రంథములు వెదకి, అక్క వ్రాతకు చేదోడయ్యెను. గంటలు ఒకే వైపునకు ప్రవహింపక, వెనుకకు మరలివచ్చిన ఇల్లు ఇది. మేము చదివిన చరిత్రలలో ఇట్టివి మిక్కిలి తక్కువ.

అచ్చమాంబగారు 1905 జనవరిలో, ముప్పదియేండ్లకే, గతించిరి. విదేశస్త్రీల చరిత్రములు మూడవ భాగముగా వ్రాయవలెనని వారి సంకల్పము, అది నెఱవేఱలేదు. తమ్ముడు మునగాల సంస్థానమున దివానుగిరి చేయుచు, 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపించి, పిదప విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు ముగియునప్పటికి అకారమైనను దాటకయే, 1923లో గతించెను. అప్పటి వయస్సు నలువదియాఱు. మాది ఇప్పుడు దానికి దగ్గఱ.

ఈ వ్యాసపు తొలి చిత్తును మా యింటివారికి చదివి వినిపించితిమి. రాజ్యలక్ష్మమ్మగారి ఘట్టము కాగానే ఆమె అడిగిన ప్రశ్న యొక్కటే: “ఇదంతా మీరు రాసుకుంటున్నప్పుడు గిన్నెలు ఎవరు తోమారండీ?” మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

మా యింట ఒక పాత నోటుపుస్తకము కలదు. ఆమె కాపురమునకు వచ్చినప్పుడు వెంట తెచ్చినది. మొదటి ముప్పది పుటలలో ఆమె స్వయముగా కట్టిన పాటలు, రెండు మూడు చిన్నకథలు. ముప్పదియొకటవ పుటనుండి పాలపద్దు, చాకలిపద్దు, పిల్లల బడిజీతములు. ఇరువదియేండ్లుగా ఆ పుస్తకము మా కంటబడుచునే యున్నది. మేము దానిని పద్దుపుస్తక మని పిలుచుచుంటిమి.

రెండు నెలలుగా మా యింట రాత్రివంట, పాత్రలు మావంతు. మొదట అన్నము మాడినది. పప్పు మూడు దినములు ఉడుకలేదు. పిల్లలు మేనత్తగారింటికి పోయి తిని వచ్చిరి. ఈ వ్యాసము సంపాదకులకు రెండు నెలలు ఆలస్యముగా చేరుటకు కారణమిదియే. వారు మన్నింతురు గాక. మొన్న కూరల లెక్క వ్రాయుటకు ఆ నోటుపుస్తకము తెఱచితిమి. పద్దుల వెనుక నాలుగు పుటలు క్రొత్తసిరాతో నిండియున్నవి. ఆమె వచ్చి పుస్తకము తీసికొని, కూరల లెక్కకు వేఱొక కాగిత మిచ్చి పోయినది.