వాన రాకడ, మురుగు పోకడ

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు పెద్దలు. రాకడ సంగతి అలా ఉంచండి. వచ్చిన వాన ఎటు పోయిందో మనం ఎప్పుడైనా ఆలోచిస్తామా? వాకిట్లోంచి వెళ్ళిపోతే చాలనుకుంటాం. వీధి కింద మురుగుకాలువలో చేరి, వెనక్కి తన్ని, స్నానాలగది తూములోంచి ఉబికినప్పుడు గానీ దాని ఊసెత్తం.

ఈ పోకడకి లెక్క కట్టాలనుకున్నవాళ్ళ కథ చిత్రంగా ఉంటుంది. 1853-54లో లండన్ నగరంలో కలరా పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. 1858 వేసవిలో థేమ్స్ నది ఎంత కంపు కొట్టిందంటే, పార్లమెంటు భవనంలో కిటికీ తెరల్ని బ్లీచింగు మందులో ముంచి వేలాడదీశారు! అప్పుడు గానీ ఏలినవారిలో చలనం రాలేదు. బేజల్‌జెట్ అనే ఇంజనీరు భూమిలోపల పెద్ద కాలువలు కట్టించి, మురుగుని ఊరి దిగువకి మళ్ళించాడు.

అయితే ఆ కాలువల్లోకే వాననీరూ వస్తుంది. ఎంత వానకి చోటుంచాలి? రోజుకి పావు అంగుళం అని లెక్క వేసుకున్నాడాయన. అంతకు మించితే మురుగూ వానా కలిసి నదిలోకి పొర్లిపోయేలా దార్లు పెట్టాడు. ఇళ్ళు మునిగేకన్నా నది మైలపడటం మేలన్నమాట!

ఆ తర్వాత అమెరికాలోని రోచెస్టర్‌లో కుయిక్లింగ్ అనే ఇంజనీరు, వాన ఎంత జోరుగా, ఎంతసేపు పడిందో, కాలువలో నీరు ఎంత పారిందో జతచేసి చూశాడు. 1889లో అచ్చువేసిన ఆయన లెక్క ఇంజనీర్లకి ఇప్పటికీ పనికొస్తోంది. అందులో రెండే ముక్కలు. ఇంటికప్పులూ, రాళ్ళు పరిచిన నేలా ఎంత ఎక్కువైతే కాలువకి అంత బరువు. రెండోది, ఊరి చివరి మూల నుంచి కూడా నీళ్ళు వచ్చి చేరేదాకా జోరువాన ఆగకపోతే, అప్పుడే కాలువ నిండా పారేది. పెళ్ళికి వెయ్యిమంది వచ్చినా విడతలుగా వస్తే వడ్డించేవాళ్ళు తట్టుకుంటారు. అందరూ ఒకే పంక్తికి కూర్చుంటేనే కదా తంటా!

లండన్‌లో ఆనాటి కాలువలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. కానీ ఊరు పెరిగింది, మట్టి కప్పుబడింది, కొద్దిపాటి వానకే మురుగు నదిలోకి పొర్లడం మొదలైంది. దాన్ని పట్టి ఉంచడానికి 25 కిలోమీటర్ల సొరంగం తవ్వి, 2025లో పూర్తిగా కలిపారు. ఇంగ్లండు మొత్తం మీద ఇలాంటి పొర్లుదారులన్నిటికీ, ఎప్పుడు ఎంతసేపు పొర్లాయో చెప్పే పరికరాలు 2023 చివరికల్లా బిగించారు.

మనకెందుకండీ ఆ గొడవ అంటారా? మన అమ్మమ్మల పెరళ్ళలో వాన సగం మట్టిలోకే ఇంకేది. ఇప్పుడు కడుక్కోవడానికి వీలుగా ఉంటుందని గుమ్మం నుంచి గోడదాకా సిమెంటు చేయించేశాం. పైగా కొందరు మేడమీది వాననీటి గొట్టాన్ని గుట్టుచప్పుడు కాకుండా మురుగు మ్యాన్‌హోల్లోకే కలిపేస్తారు. వాన పెద్దదైతే ఆ నీరు వీధి చివర, పల్లంలో ఉన్న ఇంట్లోకి తన్నుకొస్తుంది. మోకాళ్ళలోతు మురుగులో బియ్యం డబ్బా అటక మీదికి ఎత్తుకునే ఆవిడకి, ఆ నీళ్ళు ఎవరి మేడమీంచి వచ్చాయో తెలియదు.

తెలిసింది మనకే. ఈ వానాకాలం వచ్చేలోపల ఆ గొట్టాన్ని ఓ ఇంకుడుగుంతలోకి మళ్ళించండి. పెరట్లో నాలుగు బండలు లేపించి, ఆ చోట ఓ కరివేపాకు మొక్క వెయ్యండి.